మన భూమి మీద సర్కారు చెయ్యి ఎంతవరకు?

ఆడపిల్లకు సంబంధం కుదిరింది. అరెకరం అమ్మితే గానీ పెళ్లి గట్టెక్కదు. బేరం కుదిరింది, బయానా చేతిలో పడింది. తీరా సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళితే, అక్కడి గుమస్తా కంప్యూటర్లో సర్వే నంబరు కొట్టి చూసి, ‘ఇది 22-ఏలో ఉందండీ, రిజిస్ట్రేషన్ అవదు’ అంటాడు. తాత దున్నిన భూమి. తండ్రి దున్నిన భూమి. శిస్తు రసీదులు ఇనప్పెట్టెలో ఉన్నాయి. పట్టాదారు పాసు పుస్తకం ఉంది. అదే పుస్తకం చూసి సొసైటీ వాళ్లు ఏటేటా పంట అప్పు ఇచ్చారు. అప్పుడు లేని లోటు అమ్మేటప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది? ఆ జాబితాలో ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, ఎందుకు పెట్టారు? గుమస్తాను అడిగితే తహసీల్దారును అడగమంటాడు. తహసీల్దారు ఆఫీసులో అడిగితే దేవాదాయ శాఖ వాళ్లు పంపిన జాబితా అంటారు. అక్కడికి వెళితే రెవెన్యూ వాళ్ల తప్పు అంటారు. ఈలోగా పెళ్లి ముహూర్తం దగ్గర పడుతుంది, బయానా ఇచ్చిన ఆసామి ఇంటి చుట్టూ తిరుగుతుంటాడు.

గార మండలంలోనే కాదు, జిల్లాలో ఏ మూలకు వెళ్లినా ఈ కథ తెలియని ఊరు కనిపించదు. ‘మన బూమి మనది కాదంటే ఏటి సేస్తాం బాబూ’ అని రైతులు అంటుంటారు. ఈ పేజీలో మామూలుగా ఉల్లికోడు గురించో, అగ్గితెగులు గురించో, వంశధార కాలువ శివారుకు నీరు అందని సంగతో రాస్తుంటాం. ఈ వారం వాటిని పక్కన పెట్టి, ఈ ప్రశ్న ఒక్కటే తీసుకుందాం. మన భూమి మీద ప్రభుత్వం చెయ్యి ఎంతవరకు చాపవచ్చు? ఎక్కడ ఆగాలి?

ముందు ఆ 22-ఏ ఏమిటో చూద్దాం. అది 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో మన రాష్ట్రం 2007లో సవరణ ద్వారా పెట్టుకున్న సెక్షను. కొన్ని రకాల భూములకు దస్తావేజు రాసుకుని వచ్చినా రిజిస్టరు చెయ్యకూడదని అది చెబుతుంది. అమ్మకూడదని వేరే చట్టం నిషేధించినవి, అంటే ముఖ్యంగా పేదలకు ఇచ్చిన అసైన్డు భూములు. ప్రభుత్వ భూములు. దేవాదాయ, వక్ఫ్ భూములు. సీలింగులో మిగులుగా తేలిన భూములు. ఇవి నాలుగు రకాలు. అయిదోది, ప్రభుత్వానికి ఏదో ఒక ప్రయోజనం ఉందనుకున్న ఆస్తులు. ఈ అయిదో రకానికి మాత్రం గెజిటులో ప్రకటన ఇవ్వాలి.

ఈ సెక్షను ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను. చెరువు గర్భాలు ప్లాట్లయిపోయిన రోజులివి. బీదవాడికిచ్చిన అసైన్డు చెక్కను పెద్ద ఆసామి తెల్లకాగితం మీద రాయించుకున్న ఊళ్లు ఎన్ని లేవు? దేవుడి మాన్యాన్ని తాతలనాటి ఆస్తిలా అమ్ముకున్న వారూ ఉన్నారు. అలాంటి చోట సర్కారు అడ్డుపడకపోతే చిన్న రైతుకే నష్టం. స్వేచ్ఛ పేరు చెప్పి చెరువు గట్టు తవ్వుకునేవాడి తరఫున వకాల్తా పుచ్చుకోవడానికి ఈ వ్యాసం రాయడం లేదు.

చిక్కు ఎక్కడంటే, జాబితాలో చేర్చడం తేలిక, తీయించుకోవడం కష్టం. ఒక సర్వే నంబరులో నాలుగెకరాలు ఉన్నాయనుకోండి. అందులో డెబ్బై సెంట్లు దేవుడి మాన్యం. మిగతాది నలుగురు రైతుల జిరాయితీ. సబ్ డివిజన్ సరిగా చేసి ఉంటే ఆ డెబ్బై సెంట్లే జాబితాకెక్కాలి. కానీ ఆఫీసులో కూర్చున్నవాడికి కొలత వెయ్యడం పని, నంబరు మొత్తం రాసేయడం సులువు. దాంతో నలుగురి భూమీ స్తంభించిపోతుంది. ఆ నలుగురిలో ఎవరికీ నోటీసు రాదు. దండోరా ఉండదు. అవసరం పడి ఆఫీసు మెట్లెక్కిన రోజున గానీ తెలియదు. తప్పు చేసింది ఆఫీసు. రుజువులు పట్టుకుని కాళ్లరిగేలా తిరగాల్సింది మాత్రం రైతు!

శ్రీకూర్మనాథుని గుడికి వెళ్లినవారు మండపం స్తంభాలు చూసే ఉంటారు. వాటి నిండా వందల ఏళ్ల నాటి శాసనాలు. స్వామివారి అఖండ దీపానికి ఎవరు ఏమిచ్చారో చాలావాటిలో రాసి ఉంది. ఇచ్చినవాడి పేరు, ఇచ్చినదేమిటో, ఏ సంవత్సరమో, అన్నీ రాతి మీద చెక్కి, వచ్చేపోయే జనం చూసేచోట నిలబెట్టారు. రాజుల కాలం గొప్పదని చెప్పడానికి ఈ మాట తేలేదు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదువా అన్న సామెత ఆ కాలంలో పుట్టిందే. అయినా ఆస్తి చేతులు మారితే నలుగురికీ తెలియాలన్న ఇంగితం వాళ్లకు ఉంది. ఇప్పుడు మన ఆస్తి మీద గీత గీసే పని, మనకు తెలియకుండా, మనం చూడని తెర మీద జరిగిపోతోంది.

కోర్టులు ఈ సంగతి గమనించలేదని కాదు. రాజస్థాన్ కూడా ఒకప్పుడు ఇలాంటి 22-ఏ పెట్టుకుంది. ‘ప్రజా విధానానికి విరుద్ధమైన’ దస్తావేజులు రిజిస్టరు చెయ్యకూడదు, ఏది విరుద్ధమో ప్రభుత్వమే ప్రకటిస్తుంది అన్నది దాని సారం. బసంత్ నహతా కేసులో 2005లో సుప్రీంకోర్టు ఆ సెక్షనును కొట్టేసింది. హద్దూ పద్దూ లేని అధికారం చెల్లదని చెప్పింది. అందుకే మన రాష్ట్రం 2007లో రకాలు విడివిడిగా రాసి కొత్త సెక్షను తెచ్చుకుంది. దాని మీద కూడా బోలెడు కేసులు పడ్డాయి. 2015 డిసెంబరులో మన హైకోర్టు ఫుల్ బెంచి, వింజమూరి రాజగోపాలాచారి కేసులో, జాబితాలు ఎలా పంపాలో మార్గదర్శకాలు ఇచ్చింది. వివరాలు, కారణం లేకుండా ఊరికే నంబర్లు పంపితే కుదరదన్నది అందులో మనకు పనికివచ్చే మాట. తీర్పు వచ్చి పదేళ్లు దాటింది. మన తహసీల్దారు ఆఫీసుల్లో దాన్ని ఎంతమంది చదివారో వాళ్లే చెప్పాలి.

దేవుడి భూమి కౌలు చేస్తున్న సన్నకారు రైతులకు ఇక్కడ ఒక మాట. ఆ భూమి మీది కాదు, నిజమే. కానీ మీకు ఏ హక్కూ లేదనుకోకండి. 1987 దేవాదాయ చట్టం 82వ సెక్షను పాత కౌళ్లను రద్దు చేస్తూనే, భూమిలేని పేదలకు మినహాయింపు ఇచ్చింది. రెండున్నర ఎకరాల పల్లం గానీ, అయిదెకరాల మెట్ట గానీ మించనివారు, ఆదాయం కూడా చట్టం చెప్పిన హద్దులో ఉంటే, ఆ లెక్కలోకి వస్తారు. వేలం వేస్తామని ఎవరైనా వస్తే ముందు ఆ సెక్షను మాట ఎత్తండి.

ఇచ్చిన చేత్తోనే

భూమి విషయంలో సర్కారు మాట ఎంత నిలకడగా ఉంటుందో రెండు మూడు సంగతులు చెబుతాను. అసైన్డు భూములు అమ్మరాదన్న చట్టం 1977లో వచ్చింది. 2023లో దానికి సవరణ చేసి, ఇచ్చి 20 ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చు అన్నారు. ఫ్రీహోల్డు అని కొత్త పేరు. రైతులు సంబరపడ్డారు. 2024లో ప్రభుత్వం మారింది. ఫ్రీహోల్డులో అక్రమాలు జరిగాయి, విచారించాలి అంటూ ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. అక్రమం చేసినవాళ్లు ఉండవచ్చు, వాళ్లను పట్టుకోవలసిందే. కానీ నిజాయతీగా ఎకరా, అరెకరా ఉన్నవాడి సంగతి? వాడూ అదే గాటన కట్టేశారు. ఎవడో దొంగ గడ్డి మేశాడని ఊళ్లో పశువులన్నిటినీ బందెలదొడ్డికి తోలినట్టుంది ఈ వ్యవహారం.

దీనికంటే ముందుది ఇనాముల సంగతి. 1956 ఇనాం రద్దు చట్టం కింద మన కోస్తా జిల్లాల్లో చాలామందికి రైతువారీ పట్టాలు వచ్చాయి. 2013లో ఆ చట్టానికి సవరణ చేసి, దేవాలయాల సేవా ఇనాములకు సంబంధించిన పాత పట్టాలను కూడా తిరగదోడే వీలు కల్పించారు. దేవుడి సొమ్ము దేవుడికే చెందాలన్నది మంచి మాటే. మరి పట్టా ఉంది కదా అని నమ్మి మధ్యలో కొనుక్కున్న మూడో తరం రైతు ఏ పాపం చేశాడు? సర్కారు ముద్రను నమ్మడమే తప్పయిపోతే, ఇంకెవరి ముద్రను నమ్మాలి?

ఇక భూమి హక్కుల చట్టం రగడ మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2022 అని పేరు. 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి తెచ్చారు. మన దేశంలో రిజిస్ట్రేషన్ అయిందంటే దస్తావేజు నమోదైందనే గానీ, భూమి మీదేనని ప్రభుత్వం హామీ ఇచ్చినట్టు కాదు. ఆ హామీ ఇద్దాం అన్నది ఈ చట్టం చెప్పిన ఉద్దేశం. నీతి ఆయోగ్ నమూనా చట్టం కూడా అదే దారిలో ఉంది. వినడానికి బాగానే ఉంది. లోపల చూస్తే, టైటిల్ రిజిస్టరులో పేరెక్కి రెండేళ్ల పాటు ఎవరూ అడ్డు చెప్పకపోతే అదే ఖాయం. తగాదా వస్తే తేల్చేది అప్పీలు అధికారి. సివిల్ కోర్టు తలుపు మూసేశారు. ఇక మిగిలింది హైకోర్టు.

ఒకసారి ఆలోచించండి. సోంపేటలోనో, పాతపట్నంలోనో ఉన్న సన్నకారు రైతు హైకోర్టుకు వెళ్లగలడా? రైలు ఛార్జీలు, వకీలు ఫీజు, అక్కడ బస, అన్నీ కలిపితే ఆ ఎకరం ఖరీదులో ఎంత మిగులుతుంది? వలస వెళ్లి చెన్నైలోనో, హైదరాబాదులోనో తాపీ పని చేసుకుంటున్న మన జిల్లా వాళ్ల సంగతి మరీ ఘోరం. రెండేళ్లు ఊరికి రాకపోతే, రిజిస్టరులో ఎవరి పేరు ఎక్కిందో తెలిసే సరికి గడువు దాటిపోతుంది. అందుకే వకీళ్లు నెలల తరబడి కోర్టులు బహిష్కరించి ఆందోళన చేశారు. సర్వే పూర్తికాలేదు, చట్టం ఇంకా పూర్తిగా అమలే కాలేదు, మీరు లేనిపోని భయం పుట్టిస్తున్నారు అని అప్పటి పాలకులు అన్నారు. 2024 జూలైలో కొత్త శాసనసభ ఆ చట్టం రద్దు బిల్లును ఆమోదించింది.

పక్క రాష్ట్రం తెలంగాణలో దీనికి ఇంకో రూపం చూశాం. 2020లో కొత్త పాసు పుస్తకాల చట్టం, ధరణి పోర్టల్ వచ్చాయి. రిజిస్ట్రేషన్ అయిన గంటకే పేరు మారిపోతుంది, లంచాలుండవు అన్నారు. అందులో నిజం లేకపోలేదు. కానీ తప్పు పడితే దిద్దేవాడు లేడు. రెవెన్యూ కోర్టులు ఎత్తేశారు. ఆర్డీవోకు అప్పీలు లేదు. కంప్యూటర్లో పేరు తారుమారైతే, విస్తీర్ణం తగ్గితే, నిషేధిత జాబితాలో పడితే రైతు నేరుగా సివిల్ కోర్టుకో, హైకోర్టుకో పోవాల్సి వచ్చింది. చివరకు 2025లో భూభారతి చట్టం తెచ్చి అప్పీళ్లను మళ్లీ పెట్టారు. అక్కడ కోర్టు మిగిలింది గానీ దగ్గరి అప్పీలు పోయింది. ఇక్కడ అప్పీలు అధికారి మిగిలాడు గానీ సివిల్ కోర్టు పోయింది. ఒక చోట ఒక పార్టీ, ఇంకో చోట ఇంకో పార్టీ. రంగులు వేరైనా కుర్చీ ఎక్కాక పుట్టే బుద్ధి ఒకటే. నన్ను అడిగేవాడు ఉండకూడదు!

పాసు పుస్తకం మీద బొమ్మ సంగతి చిన్నదే గానీ చెప్పకుండా ఉండలేను. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే తరువాత ఇచ్చిన పుస్తకాల మీద అప్పటి ముఖ్యమంత్రి బొమ్మ వేశారు. హద్దు రాళ్ల మీద కూడా పేరు చెక్కించారు. 2024లో వచ్చిన ప్రభుత్వం ఆ బొమ్మ తీసేసి రాజముద్రతో పుస్తకాలు ఇస్తామంది. మంచిదే. భూమి మా తాతది, చెమట మాది, బొమ్మ మాత్రం ఆయనదేమిటి అని పల్లెల్లో రైతులు నవ్వుకున్న నవ్వు రేపు ఏ ముఖ్యమంత్రికైనా గుర్తుండాలి. ఆ రీసర్వేలో నలుగురు అన్నదమ్ములవి కలిపి ఒకే నంబరు కింద పడేసిన ఉమ్మడి ఎల్‌పీఎంలు మాత్రం బొమ్మ మార్చినంత సులువుగా విడిపోవు. 2024 డిసెంబరులో జరిగిన రెవెన్యూ సదస్సులకు జనం కాగితాలు పట్టుకుని క్యూ కట్టింది ఇలాంటి వాటికోసమే.

మన జిల్లాకు ఇది కొత్త కాదు

ప్రభుత్వం అంటేనే చెడు అని వాదించేవాళ్లు ఉన్నారు. మన జిల్లా రైతు ఆ మాట అనలేడు. జమీందారీ కాలంలో మనవాళ్లు ఎలా బతికారో పెద్దవాళ్లను అడగండి. మందస జమీందారీలో అడవి నుంచి కట్టెలు, కలప తెచ్చుకునే హక్కు మాది అని రైతులు తిరగబడితే, 1940 ఏప్రిల్ 1న పోలీసులు కాల్పులు జరిపారు. గుడారి రాజమణిపురానికి చెందిన గున్నమ్మ ఆ కాల్పుల్లో ప్రాణాలు విడిచింది. ఆ జమీందారీలను పోగొట్టింది 1948 ఎస్టేట్ల రద్దు చట్టం. అంటే ప్రభుత్వ బలమే. బలం లేని ప్రభుత్వం ఉంటే ఊరి మోతుబరే రాజవుతాడు.

అయినా ఆ బలానికి హద్దు ఉండాలని గొంతెత్తిన రైతు నాయకులకూ మన జిల్లా పుట్టినిల్లే. ఆచార్య రంగా ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతు రక్షణ యాత్ర నడిపించింది 1937-38లో. 1959లో నాగపూరు కాంగ్రెసు ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం చేసినప్పుడు, మన గట్లు చెరిపేసి భూములన్నీ ఒక్కటి చేస్తారేమోనని రైతులు బెంగపడ్డారు. ఆ ఏడాదే రాజాజీ స్థాపించిన స్వతంత్ర పార్టీకి మొదటి అధ్యక్షుడు రంగాయే. బారువ బిడ్డ గౌతు లచ్చన్న ఆ పార్టీలో ముందు వరసలో నిలిచారు. 1967లో రంగాను లోక్‌సభకు పంపింది మన శ్రీకాకుళమే. వాళ్లు చెప్పినవన్నీ నేను ఒప్పుకోను. భూసంస్కరణలు ఆలస్యం కావడానికి అలాంటి వాదనలను పెద్ద కమతాల వాళ్లు బాగా వాడుకున్నారు. కానీ రైతు గట్టు మీద నిలబడి ‘ముందు నన్ను అడుగు’ అనే హక్కు ఉండాలన్న మాట అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే.

విచిత్రం చూడండి. రాజ్యాంగంలో ఆస్తి ప్రాథమిక హక్కుగా ఉండేది. దాన్ని తీసేసింది 1978లో 44వ సవరణ. తెచ్చింది జనతా ప్రభుత్వం. స్వతంత్ర పార్టీ 1974లో లోక్‌దళ్‌లో కలిసి, ఆ దళం 1977లో జనతాలో కలిసింది. అంటే ఆస్తి హక్కు కోసం పుట్టిన పార్టీ మిగిలి ఉన్న గూటి నుంచే ఆ పని జరిగింది! అయితే పూర్తిగా వదిలెయ్యలేదు. 300-ఏ అధికరణం అని ఒకటి పెట్టారు. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఎవరి ఆస్తినీ లాక్కోరాదు. ఇంతే దాని సారం. ఒక్క వాక్యం.

ఆ ఒక్క వాక్యంలో ఏమేమి ఉన్నాయో 2024 మే నెలలో సుప్రీంకోర్టు కలకత్తా కార్పొరేషన్ కేసులో విడమరిచి చెప్పింది. భూమి తీసుకోబోతున్నామని ముందుగా తెలపాలి. చెప్పుకునేది వినాలి. ఏ కారణంతో నిర్ణయించారో రాయాలి. ప్రజా ప్రయోజనం కోసమే తీసుకోవాలి. న్యాయమైన పరిహారం ఇవ్వాలి. ఆ పనంతా సక్రమంగా, గడువులో చెయ్యాలి. మొదలుపెట్టింది ముగించాలి. చట్టం ఉంది కదా అని పైన పేర్కొన్నవాటిని దాటేసి భూమి లాక్కుంటే చెల్లదు. ఈ ఏడింటినీ పిల్లల చేత ఒక కాగితం మీద రాయించి పాసు పుస్తకంలో పెట్టుకోండి. 22-ఏలో భూమిని లాక్కోలేదు కదా, అమ్మకం ఆపాం అంతే కదా అని ఎవరైనా అనవచ్చు. అమ్ముకోలేని, తనఖా పెట్టలేని, బిడ్డకు రాసివ్వలేని భూమి సగం పోయినట్టే. కనీసం మొదటి మూడైనా, అంటే తెలపడం, వినడం, కారణం రాయడం, ఆ జాబితాకూ వర్తించాలన్నది నా వాదన.

ఇవి లేకపోతే ఏమవుతుందో మన జిల్లా రక్తంతో నేర్చుకుంది. సోంపేట బీల సంగతి. అక్కడి నీటితో చుట్టుపక్కల ఊళ్లు పంట పండించుకునేవి, చేపలు పట్టుకునేవి, పశువులు మేపుకునేవి. సర్కారు రికార్డులో మాత్రం అది ఎందుకూ పనికిరాని నేల. ఆ రాత ఆధారంగా థర్మల్ కేంద్రానికి ఇచ్చారు. జనం వద్దు మొర్రో అన్నారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజున ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. జనం చెప్పింది ముందే చెవిన పెట్టి ఉంటే ఆ చావులు ఉండేవా? ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో మళ్లీ అదే థర్మల్, మళ్లీ అదే తుపాకి.

ఆ తరువాత 1894 నాటి ఇంగ్లీషువాళ్ల సేకరణ చట్టం పోయి, 2013 చట్టం వచ్చింది. 2014 జనవరి 1 నుంచి అమలు. ప్రైవేటు కంపెనీ కోసమైతే నూటికి 80 మంది భూమి సొంతదారులు ఒప్పుకోవాలి. ప్రభుత్వం, ప్రైవేటు కలిసి చేసేదయితే 70 మంది. తొలి ప్రకటన వచ్చిన 60 రోజుల్లోగా మీ అభ్యంతరం కలెక్టరుకు రాసి ఇవ్వవచ్చు, ఆయన వినాలి. ఊరి మీద ఏ ప్రభావం పడుతుందో ముందు అధ్యయనం చెయ్యాలన్న నిబంధన కూడా ఉంది గానీ, 2018లో మన రాష్ట్రం సవరణ చేసుకుని కొన్ని రకాల ప్రాజెక్టులను దాన్నుంచి తప్పించింది. తీసుకున్న భూమిని అయిదేళ్లు వాడకపోతే పాత సొంతదారుకో, ప్రభుత్వ ల్యాండ్ బ్యాంకుకో తిరిగి చేర్చాలని 101వ సెక్షను. ఆ ‘కో’లోనే కిటుకంతా ఉంది. అధికారి ఎటు మొగ్గుతాడో చెప్పనక్కర్లేదు.

ఇంగ్లండులో ఇలాంటిదే జరిగింది. క్రిచెల్ డౌన్ అనే చోట 1938లో 725 ఎకరాల సాగుభూమిని బాంబులు వేసే సాధన కోసం ప్రభుత్వం తీసుకుంది. అవసరం తీరాక సొంతదారులకు ఇచ్చేస్తామని యుద్ధకాలంలో ప్రధాని చర్చిలే పార్లమెంటులో మాట ఇచ్చాడు. యుద్ధం అయిపోయింది. భూమి వెనక్కి రాలేదు. వ్యవసాయ శాఖ తన దగ్గరే ఉంచుకుని తన ఇష్టం వచ్చినట్టు కౌలుకివ్వబోయింది. పాత సొంతదారు కుటుంబం పట్టు విడవలేదు. బహిరంగ విచారణ జరిగింది. అధికారుల నడత బయటపడింది. 1954లో వ్యవసాయ మంత్రి డగ్‌డేల్ రాజీనామా చేశాడు. 725 ఎకరాల కోసం మంత్రి పదవి వదిలాడు! మన దగ్గర తప్పుడు జాబితాలో పెట్టినందుకు ఒక గుమస్తాకైనా మెమో వెళ్లినట్టు మీరు విన్నారా?

మరి మనం చెయ్యగలిగింది

అవసరం పడినప్పుడు చూసుకుందాం అనుకోకండి. ఖాళీగా ఉన్న రోజున, కోతలు అయ్యాకనో, సంక్రాంతికి పిల్లలు ఇంటికి వచ్చినప్పుడో, మీ 1బి, అడంగల్ తీయించి చూసుకోండి. పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం. సెంటు తేడా ఉన్నా వదలొద్దు. స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్‌లో నిషేధిత ఆస్తుల జాబితా వెతికి చూసే వీలుంది. చదువుకున్న కుర్రాడు ఎవడైనా అయిదు నిమిషాల్లో చూసిపెడతాడు. మీ నంబరు అందులో ఉంటే కంగారు పడి దళారీ దగ్గరకు పరుగెత్తకండి. ‘వెయ్యి పదివేలు ఇవ్వండి, తీయించేస్తా’ అనేవాడికి జాబితా మీద ఏ అధికారమూ లేదు.

ముందు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. ఇది 2005 చట్టం. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. నా సర్వే నంబరును 22-ఏలో ఏ క్లాజు కింద, ఏ తేదీన, ఎవరు పంపిన లేఖతో, ఏ ఆధారంతో చేర్చారు, ఆ లేఖ నకలు ఇవ్వండి అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. కాగితం చేతికొస్తే సగం పోరాటం మీ వైపు తిరిగినట్టు. ఎందుకంటే చాలా జాబితాల వెనుక అలాంటి లేఖ ఉండదు, ఉన్నా అందులో మీ విస్తీర్ణం ఉండదు.

రికార్డులో పేరు మార్చేటప్పుడు కూడా ఇంతే. 1971 పట్టాదారు పాసు పుస్తకాల చట్టం ప్రకారం, హక్కుదారు అనిపించేవారికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకుండా తహసీల్దారు మార్పు చెయ్యరాదు. మార్చేస్తే, ఆ ఉత్తర్వు మీకు అందిన 60 రోజుల్లోగా ఆర్డీవోకు అప్పీలు. ఆపైన జాయింటు కలెక్టరుకు రివిజన్. సివిల్ కోర్టు తలుపు ఈ చట్టం కింద తెరిచే ఉంది. ఉత్తర్వు ఎప్పుడు అందిందో రుజువు ఉండాలి గనుక, పోస్టులో వచ్చిన కవరు పారెయ్యకండి.

ప్రభుత్వాన్ని అడగవలసినవీ కొన్ని ఉన్నాయి, మన ఎమ్మెల్యేలను వచ్చే శాసనసభ సమావేశాల్లో అడగమనండి. ఏ సర్వే నంబరునైనా జాబితాలో చేర్చే ముందు రైతుకు నోటీసు, గ్రామ సచివాలయం గోడ మీద ప్రకటన. తొలగించమని దరఖాస్తు పెడితే తొంభై రోజుల్లో రాతపూర్వక జవాబు, ఇవ్వకపోతే తాత్కాలికంగానైనా జాబితా నుంచి తప్పుకోవాలి. కొలిచి సబ్ డివిజన్ చేసే ఖర్చు చేర్చిన శాఖదే, రైతుది కాదు. ఇందులో ఏ ఒక్కటీ ఖజానాకు భారం కాదు. కొద్దిగా ఓపిక, కాస్త సిగ్గు ఉంటే చాలు.

సోమవారం కలెక్టరేటు గ్రీవెన్సుకు వెళ్లేవారు నోటిమాటగా చెప్పి రాకండి. అర్జీ రెండు ప్రతులు రాయించండి. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద తేదీ, ముద్ర వేయించుకుని నంబరు రాయించుకోండి. వేరే అన్నదమ్ములకూ అదే నంబరులో భూమి ఉంటే అందరూ కలిసి ఒకే అర్జీ మీద సంతకాలు పెట్టండి, పాసు పుస్తకాల నకళ్లు వెనుక కుట్టండి. అసలు పుస్తకం మాత్రం ఎవరి చేతికీ ఇచ్చి రావద్దు.